మిట్టమధ్యాహ్నం దరువు

భూమన్న డప్పును గోడకు ఆనించి ఎండకు పెట్టాడు. వానాకాలంలో అయితే గడ్డిమంట వేసి, తోలు బిగిసేదాకా డప్పును దాని మీద అటూ ఇటూ తిప్పుతూ కాచాలి. శివరాత్రి దాటాక ఆ తిప్పలు లేవు. తూర్పుముఖంగా పెట్టి ఒక చాయ తాగి వచ్చేలోపు తోలు తనంతట తానే బిగిసి, వేలితో మీటితే కంగుమంటుంది. ఈ ఏడు చాయ దాకా కూడా ఆగక్కర్లేకుండా పోయింది. పొద్దు గుట్ట అంచును విడవనే లేదు, డప్పు అప్పుడే పలుకుతోంది.

"గింత పొద్దుగాలనే గిట్ల మోగుతున్నవేందే?" అన్నాడు దానితో.

డప్పుతో మాట్లాడటం అతనికి అలవాటు. అది వింటూ సద్ది గిన్నెకు గుడ్డ కడుతున్న అతని భార్య గంగుబాయి నవ్వలేదు. ఆమెకు రాత్రంతా నిద్ర లేదు. రేకుల కప్పు కింద ఇల్లు తెల్లారేదాకా కుంపటిలా ఉంది.

"ఇయ్యాల పనికి పోకు," అన్నాడు భూమన్న.

"పోకుంటె పేరు తీసేస్తరు. నీకేం, నీడల నిలబడి కొడ్తవు." ఆమె మూలనున్న బుట్టలోంచి ఒక ఉల్లిగడ్డ తీసి అతని చొక్కా జేబులో పెట్టింది. వడదెబ్బ తగలకుండా ఎండాకాలమంతా ఆ ఊళ్లో ప్రతి జేబులో, ప్రతి కొంగుముడిలో ఒక ఉల్లిగడ్డ ఉంటుంది. "పారెయ్యకు."

"ఉల్లిగడ్డను జూసి ఎండ భయపడ్తదా?"

"నిన్ను జూసి ఎట్లాగూ భయపడదు గద," అని గడ్డపార భుజాన వేసుకుని ఆమె వెళ్లిపోయింది.

భూమన్న పొట్టి మనిషి. ముందుకు వంగిన భుజాలు, మోకాళ్ల దాకా ధోవతి, ఎడమ చేతి బొటనవేలి మొదట్లో డప్పు చట్రం ఒరుసుకుని కట్టిన కాయ. ఖానాపూర్ దాటి గుట్టల్లోకి పోతే వచ్చే ఎర్రచింతల్ అతని ఊరు. మైకు ఆటోలు తారురోడ్డు దాకానే వస్తాయి. అక్కడి నుంచి ఊళ్లోకి రాళ్లబాట. అందుకే పంచాయతీకి ఇంకా భూమన్న డప్పుతో పని ఉంది. తెల్లవారి నీళ్ల వాల్వు తిప్పుతాడు, మోరీల్లో మురుగు తీస్తాడు, చెప్పమన్నది చాటుతాడు. తండ్రి చేసిందీ అదే పని.

పంచాయతీ కార్యాలయంలో కార్యదర్శి మమతారాణి ఫోను చూస్తూ కూర్చుంది. కరీంనగర్ అమ్మాయి. ఈ గుట్టల ఎండ ఆమెకు ఇదే మొదటిసారి.

"భూమన్నా, ఇయ్యాల రెడ్ అలర్టట. గుట్టల మండలాలన్నిట్ల వడగాడ్పులు. పదకొండు దాటినంక నాలుగు గొట్టేదాక ఎవ్వలు బయట తిరగొద్దని చాటియ్యమన్నరు."

"ఎండకాలమంత గిట్లనేనా మేడం?"

"మామూలుకంటె ఎక్కువనే ఉంటదట. నెలాఖరుకు గాలిదుమారం లేసి నాలుగు చినుకులు పడ్తయట. అప్పటిదాంక ఇంతే. రాత్రిపూట సుత సల్లబడదట. గుట్టలు పగలంత తాగిన వేడిని రాత్రంత కక్కుతయట."

"మబ్బులాఫీసోల్లు నిద్రలేకుంట కనుక్కున్నరా, మా ఇంట్ల పన్నరా?" అన్నాడు భూమన్న. మమతారాణి నవ్వి, రంజన్ కుండలోని చల్లటి నీళ్లు చెంబుతో ముంచి అతనికి ఇచ్చింది. వాతావరణ శాఖకు మబ్బులాఫీసు అని పేరు పెట్టింది అతనే. ఇప్పుడు ఊరంతా అలాగే అంటుంది.

డప్పును భుజానికి తగిలించుకుని కుడిచేత లావు సిర్ర, ఎడమచేత సన్న పుల్ల పట్టుకుని బయలుదేరాడు. చాటింపు దరువు తేలిక. మూడు దెబ్బలు, ఒక విరామం, మళ్లీ మూడు. పెళ్లి దరువు వేరు, బోనాల దరువు వేరు, సావు దరువు వేరు. ఎర్రచింతల్‌లో మూడేళ్ల పిల్లకు కూడా ఏది ఏదో తెలుసు.

"ఇన్నరా, ఇనుండ్రి! పగటీలి ఎవ్వలు బయటికి ఎల్లొద్దు! పిల్లలను, ముసలోల్లను ఎండకు పంపొద్దు! మబ్బులాఫీసోల్లు చెప్పిండ్రహో!"

కిరోసిన్ వచ్చిందని, పోలియో చుక్కలని, బర్రె తప్పిపోయిందని, కరోనా వచ్చింది తలుపులు మూసుకొమ్మని ఈ గొంతుతోనే చెప్పాడు. ఇన్నేళ్లలో చాటిన మాటల్లో తన మాట ఒక్కటీ లేదు. ఎవరో చెప్పమన్నవి, తను చెప్పినవి. అది అతనికి లోటుగా కూడా ఎన్నడూ తోచలేదు.

ఊరు చివరి ఇంటిదాకా వచ్చాక ఆగాడు. వాకిళ్లన్నీ ఖాళీ. అరుగుల మీద ముసలివాళ్లు, నీడల్లో కుక్కలు. వినాల్సిన వాళ్లెవరూ ఊళ్లో లేరు. అందరూ గుట్ట మీద ఉపాధి పనిలో ఉన్నారు.

పొద్దు నెత్తికెక్కుతోంది. ఇంటికి పోయి పడుకున్నా అడిగేవాడు లేడు. భూమన్న తువ్వాల తలకు చుట్టుకుని గుట్ట ఎక్కాడు.

వానాకాలపు నీళ్లు ఆపడానికి గుట్ట వాలులో కందకాలు తవ్వుతున్నారు. ఒక్క చెట్టు లేదు. నేలలో పాతిన రెండు కర్రలకు కట్టిన పాత చీర నీడలో నీళ్ల క్యానూ, నలుగురు ఆడవాళ్లూ ఉన్నారు. మిగతావాళ్లు తవ్విన కందకాల్లోనే, గట్టు వేసే జానెడు నీడలో ఒదిగి కూర్చున్నారు. పని ఎప్పుడో అయిపోయింది. ఇంటికి మాత్రం ఎవరూ పోవడం లేదు.

"ఓ బావా, ఎవని పెండ్లికి పిలువొచ్చినవ్?" అని అరిచింది రామవ్వ. ఊళ్లో భూమన్నను ఆటపట్టించే హక్కు తనకొక్కదానికే ఉన్నట్టు మాట్లాడుతుంది ఆమె.

"నీకే జూస్తున్న సంబంధం. జర లేచి ఇంటికి పోండ్రి. పగటీలి బయట ఉండొద్దన్నరు."

"నువ్వు ఎండల తిరుక్కుంట మమ్ముల నీడకు పొమ్మంటవా? మంచిగున్నది నీ కత!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో గంగుబాయి గొంతు లేదు. భూమన్న చూపు ఆమెను వెతికింది. చీర నీడ అంచున, తల మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది.

కూలీల హాజరు చూసే మేటు హరీష్ బండరాయి ఎక్కి ఫోనును ఆకాశం వైపు ఎత్తి పట్టుకున్నాడు. సంగతి అతనే చెప్పాడు. కూలి పడాలంటే రోజుకు రెండు హాజరు ఫోటోలు యాప్‌లో ఎక్కాలి. పొద్దున ఒకటి, అది ఎక్కిన నాలుగు గంటలకు ఇంకొకటి. పొద్దున సిగ్నల్ అందక మొదటిది ఆలస్యంగా ఎక్కింది. రెండోది దిగాలంటే నడిమధ్యాహ్నం దాటాలి. అప్పటిదాకా అందరూ ఇక్కడే ఉండాలి. ఫోటోలో లేనివాళ్లకు ఆ రోజు కూలి లేదు.

"పంపియ్యరా బిడ్డా, అందర్ని."

"నా చేతుల ఏమున్నది కాకా? మొగోన్నయి పోటో దియ్యకుంట పంపుత, రేపు నీ చెల్లెండ్లే నన్ను చెప్పుతోని కొడ్తరు."

అతను చెప్పింది నిజమే. భూమన్న పోయి గంగుబాయి పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాడు. పట్టుకుని ఉలిక్కిపడ్డాడు. పొద్దుటి నుంచి ఎండలో ఉన్న మనిషి చేయి చెమటతో జారాలి. ఆ చేయి పొడిగా, బిగుసుకుని, ఎండకు పెట్టిన డప్పులా కాలుతోంది.

"లే. ఇంటికి పోదాం."

"పోటో అయినంక." ఆమె మాట ముద్దగా వచ్చింది. "ఇంతసేపు కూసున్న. ఇప్పుడు పోతె ఉత్తగనే పోతది."

"నీ పోటో మీద మన్నువడ, లేవే!"

ఆమె లేవలేదు. లాగితే పక్కవాళ్ల ముందు చేయి విడిపించుకుంది. క్యాన్‌లో అడుగున మిగిలిన నీళ్లు ఆమె తల మీద పోశాడు. రామవ్వ పొద్దుటే రెండుసార్లు కక్కిందని ఎవరో అన్నారు. ఆమె మాత్రం ఇంకా నవ్వుతూనే ఉంది, కళ్లు ఎక్కడో పెట్టి.

"నీ ఉల్లిగడ్డ ఏది?" అని గంగుబాయిని అడిగాడు.

"సద్దిల కొరుక్కున్న."

భూమన్న తన జేబులోది తీసి ఆమె ఒళ్లో పడేశాడు. లేచి గుట్ట దిగడం మొదలుపెట్టాడు.

"ఆలిని ఇడిచిపెట్టి ఉరుకుతుండు సూడుండ్రి!" అని వెనక నుంచి రామవ్వ గొంతు వినబడింది. అతను వెనక్కి తిరగలేదు. దిగుతుంటే కాళ్ల కింద రాళ్లు వేడికి పేలాల్లా చిటపటమన్నాయి. నాలుక అంగిలికి అంటుకుంది. కళ్ల ముందు గాలి నీళ్లలా కదులుతోంది.

గుట్ట మొదట్లో, ఊరి పొలిమేర మీద, పెద్ద నల్లబండ ఉంది. దాని మీద నిలబడి కొడితే దరువు గుట్ట నాలుగు వైపులా వినబడుతుంది. నీడలో నుంచి కొడితే పైకి ఎక్కదు. భూమన్న బండ ఎక్కి నిలబడ్డాడు. చెప్పులోంచి కూడా పాదం కాలింది.

అతనికి దరువు నేర్పిన రోజున బాపు ఒకే ఒక్క ఒట్టు వేయించుకున్నాడు. "అన్ని కొట్టు బిడ్డా. సావు దరువు మాత్రం ఉత్తగ కొట్టకు. పీనుగు లేకుంట కొడితె, అది ఎవలదో ఒక వాకిలి ఎతుక్కుంటది." భూమన్న తాగి తూలిన రోజుల్లో కూడా ఆ దరువును సరదాకు వేయలేదు. పిల్లలు అడిగితే వీపు మీద ఒకటేసేవాడు.

గుట్ట మీద చీర నీడ చిన్న మచ్చలా కనబడుతోంది.

సిర్ర పైకి లేపాడు. కొట్టాడు.

సావు దరువులో తొందర ఉండదు. ఒక బరువు దెబ్బ, సన్నపుల్ల టకటక, మళ్లీ బరువు దెబ్బ. అది వినబడితే ఎర్రచింతల్‌లో చేతిలో పనిముట్టు పట్టుకోరు. నాగలి సగం సాలులో ఆగుతుంది, అన్నం పళ్లెం ముందు నుంచి లేస్తారు. చచ్చింది ఎవరో తెలియదు కనుక ప్రతివాడూ తన ఇంటికి పరుగెత్తుతాడు.

గుట్ట మీద మచ్చ చెదిరింది. ముందు ఒకరు, తర్వాత నలుగురు, తర్వాత అందరూ. గడ్డపారలు వదిలేసి, కొంగులు నెత్తిన వేసుకుని బాటలో దిగుతున్నారు. ఫోటో మాట ఎవరికీ గుర్తు లేదు. చివర్న హరీష్ కూడా ఫోను జేబులో కుక్కుకుని ఉరికివస్తున్నాడు. ఇంట్లో అతనికి ముసలి తల్లి ఉంది.

గంగుబాయిని ఇద్దరు రెక్కలు పట్టి నడిపించడం కళ్లబడేదాకా భూమన్న కొట్టాడు. ఆమె బండ దాటి ఊళ్లోకి అడుగుపెట్టేదాకా కొట్టాడు. అప్పుడు ఆపాడు.

"ఎవలు? ఎవలు సచ్చిండ్రు?" రామవ్వ రొప్పుతూ అడిగింది.

"ఎవ్వలు సావలే," అన్నాడు. "సావద్దనే కొట్టిన."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్లు మొదలయ్యాయి. రోజు కూలి పాయె అన్నారు. అపశకునం ముండాకొడుకు అన్నారు. హరీష్ తల పట్టుకుని బండ పక్కనే కూలబడ్డాడు. రామవ్వ పిడికెడు మన్ను తీసి అతని మీద చల్లింది.

"నీ నోట్ల మన్నువడ! పీనుగు లేని దరువు కొడ్తవారా? ఎవని కొంపకు తగుల్తదిర అది?"

భూమన్న మన్ను దులుపుకుని గంగుబాయి వెనకే నడిచాడు. గంగుబాయిని పంచాయతీ కార్యాలయం వరండాలో పడుకోబెట్టి, మమతారాణి తడిబట్ట వేసి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పోస్తుంటే మెట్ల కింద నిలబడి చూశాడు. కాసేపటికి గంగుబాయి మెడ మీద చెమట పుట్టింది. చిన్నచిన్న చుక్కలు, ఒక్కొక్కటే.

"చెమట వచ్చింది, ఇగ ఫికర్ లేదు," అంది మమతారాణి. "నువ్వు సుత లోపల కూసో భూమన్నా. నీళ్లు తాగినవా?"

"తాగిన," అన్నాడు. తాగలేదు. ఆమె చెంబు గంగుబాయి దగ్గర ఉంది. దాన్ని అడగబుద్ధి కాలేదు.

ఇంటికి నడిచాడు. తల లోపల ఆ దరువు ఇంకా ఆగలేదు. వాకిట్లోకి రాగానే, అవసరం లేకపోయినా, అలవాటు కొద్దీ డప్పును గోడకు ఆనించి ఎండకు పెట్టాడు. సిర్ర, పుల్ల దాని పక్కన పెట్టాడు. లోపలికి పోయి చాప మీద ఒరిగాడు. అతని వొంటి మీద చెమట లేదు. ఆ సంగతి చూసుకోవాలని అతనికి తోచలేదు. చల్లగా ఉందనిపించింది. చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

పొద్దు వాలుతుండగా గంగుబాయి గోడ పట్టుకుంటూ ఇంటికి వచ్చింది. మజ్జిగ కలిపి లేపింది. లేవలేదు. చొక్కా జేబు తడిమింది. ఖాళీగా ఉంది.

ఊరు వచ్చింది. పగలు తిట్టినవాళ్లంతా వాకిట్లో తలలు దించుకుని నిలబడ్డారు. రామవ్వ లోపలికి రాలేక గడపలోనే కూర్చుండిపోయింది. ఆమె కొంగుముడిలో ఉల్లిగడ్డ అలాగే ఉంది.

దరువు లేకుండా శవం లేవదు. ఊళ్లో కొట్టేవాడు ఒక్కడే, అతను చాప మీద ఉన్నాడు. ఖానాపూర్ నుంచి డప్పు మనిషిని పిలిపిస్తానని హరీష్ బండి తీశాడు.

"వద్దు," అంది గంగుబాయి. "ఎవలను పిలువకుండ్రి. ఆయనది ఆయన కొట్టుకున్నడు. ఊరంత ఇన్నరు గద."

హరీష్ బండి ఆపి దిగాడు. ఆ చప్పుడు లేని సాయంత్రంలోనే భూమన్నను తీసుకుపోయారు.

ఆడవాళ్లు కడిగిన వాకిలి అప్పుడే ఆరిపోయింది. చీకటి పడ్డాక గంగుబాయి బయటికి వచ్చి, గోడకు ఆనించి ఉన్న డప్పు మీద అరచేయి పెట్టింది. తోలు ఇంకా వెచ్చగానే ఉంది.