రెండు కుండల కల్లు

పక్కింటి జూడిత చెప్పినదాంట్లో సగం తీసేసి వినాలని కొండ మీద అందరికీ తెలుసు. సగం తీసేసినా మిగిలింది కంకిండిని కుదురుగా నిలవనివ్వలేదు. సరస్సు ఒడ్డున చేపల బేరం దగ్గర ఎవరో జూడితతో అన్నారట: పార్లమెంటు ఓటుకి గదిలోకి వెళ్ళినవాళ్ళ చేతిలో పార్టీకో కాగితం పెడతారట. నచ్చినది కవరులో పెట్టి పెట్టెలో వెయ్యాలి, తక్కినవి మూలనున్న డబ్బాలో పారెయ్యాలి.

"పారేస్తే ఎవడు నమ్ముతాడక్కా? అవతలి పార్టీకి వెయ్యలేదని రుజువుగా వాళ్ళ కాగితాన్ని నడుముగుడ్డలో దోపుకుని బయటికి తెచ్చి చూపించాలంట. తేనోళ్ళ ఇళ్ళు గుర్తుపెట్టుకుంటారంట," అని చెప్పి జూడిత, వచ్చిన పని అయిపోయినట్టు, చేపల తట్ట నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది.

కంకిండి పామాయిల్ గెలలు ఉడుకుతున్న డ్రమ్ము కింద మంట ఎగదోస్తూ ఉండిపోయింది. యుద్ధానికి జడిసి పారిపోయి టాంజానియా శిబిరంలో ఏళ్ళ తరబడి రేషను పిండి తిన్న మనిషి. మొగుణ్ణి అక్కడి మట్టిలోనే పెట్టి, శాంతి ఒప్పందం కుదిరాక తిరిగివచ్చింది. వచ్చేసరికి తోట మరిది మిసాగో చేతిలో ఉంది. కొండ పెద్దలు కూర్చుని సగం ఇప్పించారు. ఇప్పించారంటే, నోటిమాటే. మిసాగో మనసు తిరిగిందా, కంచె మొక్కలు రాత్రికి రాత్రే కాళ్ళొచ్చి నడుస్తాయి.

ఆ మిసాగో, కొండ మీద పాత పార్టీ తరఫు మనిషి. ఆదివారం చర్చి నుంచి వస్తుంటే వదినగారిని పిలిచి అరటికల్లు కుండ ముందు కూర్చోబెట్టాడు. కుండ ఒక్కటే, అందులో రెల్లు గొట్టాలు నాలుగైదు. గొట్టం అందిస్తే మూతి తిప్పుకోవడమంటే, ఇందులో విషం కలిపావు అన్నట్టు. నోరు పెట్టడమంటే మాట ఇచ్చినట్టు.

"తాగు వదినా. అన్నయ్య నాటిన అరటే," అన్నాడు.

కంకిండి ఒక్క గుక్క పీల్చింది.

"నీ ఓటెక్కడికి పోతుందిలే, ఇంటిదే కదా. అడవోళ్ళ కాగితం మాత్రం తెచ్చి నా చేతిలో పెట్టు. నీ సగం జోలికి నేను రాను."

ఆ కల్లు వాసన పోకముందే బుచుమి కబురంపాడు. అడవిలో తుపాకి పట్టినవాడు, ఇప్పుడు కొత్త పార్టీ చొక్కా తొడుక్కుని అదే కొండ మీద కాపురం పెట్టాడు. అక్కడా కుండే, గొట్టాలే.

"మీ మరిదింట్లో తాగావంట గదక్కా. నా కుండలో ఏముంది, పేడనీళ్ళా?"

"నాకు కడుపులో బాగాలేదు తమ్ముడూ."

"ఆదివారం బాగానే ఉంది గదా ఆ కడుపు!" కుండ చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. బుచుమి గొట్టం ఆమె పెదాల దాకా తెచ్చాడు. "మీ మరిది పార్టీ కాగితం తెచ్చివ్వు, చాలు. తుపాకులు ఇచ్చేశాం గానీ, చేతులు ఇవ్వలేదక్కా."

కంకిండి పీల్చింది. రెండో కుండలోనూ నోరు పెట్టాక అర్థమైంది, తను గొంతుదాకా దిగిపోయానని.

ఓటు రోజున కొండ మీద ఎవరూ పనిలోకి దిగలేదు. కంకిండికి మాత్రం తప్పలేదు, ఉడికిన గెలలు వదిలేస్తే పులిసిపోతాయి. తెల్లారకముందే గెలలు తొక్కి నూనె తీసి, బూడిదతో చేతులు రుద్దుకుని వెళ్ళి వరసలో నిలబడింది. గోళ్ళలో ఆ నూనె ఎరుపు పోలేదు.

శిబిరంలో రేడియో చుట్టూ చేరి, ఎప్పటికైనా మన ఓటు మనం వేసుకుంటామా అనుకున్న రోజులున్నాయి. మొగుడైతే ఎవరికి వెయ్యాలో కూడా చెప్పి పోయాడు. ఇప్పుడు గుడ్డ తెర వెనక కాగితాలన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి. మిసాగో పార్టీది కవరులో పెడితే బుచుమికి చూపించడానికేం లేదు. బుచుమిది పెడితే మిసాగోకి లేదు. మూడోవాడికి వేద్దామంటే, ఆ గుర్తులతో తనకి పరిచయమైనా లేదు. బయట ఎవరో దగ్గారు, తొందరగా కానిమ్మన్నట్టు.

రెండు కాగితాలూ నడుముగుడ్డలో దోపుకుంది. తక్కినవి డబ్బాలో పడేసింది. ఖాళీ కవరు నాలికతో తడిపి అంటించి, బయటికొచ్చి, అందరూ చూస్తుండగా పెట్టెలో వేసింది. మొదటి ఓటు. ఏ బరువూ లేకుండా పడింది.

సాయంత్రానికి ఎవరి కాగితం వాళ్ళకి చేరింది. "మా వదిన బంగారం," అన్నాడు మిసాగో. "మా అక్క సింహం," అన్నాడు బుచుమి. ఆ రాత్రి కంకిండి కంటినిండా నిద్రపోయింది.

ఓట్ల లెక్క బడిలో, జనం ముందే జరిగింది. కవర్లు చించుతుంటే కాగితాలతోపాటు తాలు కూడా రాలడం మొదలైంది. ఒకటి ఖాళీ. ఇంకొకటి ఖాళీ. చూస్తూ చూస్తుండగా ఖాళీ కవర్లే కుప్పయ్యాయి. కంకిండి తల తిప్పి చూసింది. జూడిత ఎందుకో తన కాలి వేళ్ళకేసి చూసుకుంటోంది.

మర్నాడు కొండ మీద ఎన్నడూ చూడని వింత. మిసాగో, బుచుమి ఒకే కుండ ముందు కూర్చున్నారు. ఒప్పందం రాజధానిలో ఎప్పుడో జరిగినా, ఆ కొండకి చేరింది ఆ పొద్దునే. కంకిండిని పిలిపించారు. చాప మీద పక్కపక్కనే రెండు కాగితాలు. రెండిటి మీదా ఎర్రటి నూనె బొటనవేలి ముద్ర.

"ఓటు రోజు పొద్దున నూనె తీసింది కొండ మొత్తానికి నువ్వొక్కదానివే," అన్నాడు బుచుమి. ఈసారి అక్కా అనలేదు.

మిసాగో గొట్టం ముందుకు తోశాడు. "తాగి, ఒట్టేసి చెప్పు వదినా. కవరులో ఏం పెట్టావు? తోట మాట ఆ తరవాత."

చుట్టూ మనుషులు మూగారు. వెనక్కి పోవడానికి సందు లేదు. కంకిండి గొట్టాన్ని చేత్తో పక్కకి నెట్టింది. నోరు పెట్టలేదు.

"మీలో ఒక్కడైనా నన్ను ఓటడిగాడా? అవతలోడి కాగితం అడిగారు. ఇద్దరికీ తెచ్చిచ్చాను. ఇంక కవరులో పెట్టడానికి నా దగ్గర ఏం మిగిల్చారని?"