వేలు చూపించి చెప్పే మాట

లారీ మీంచి గులాబీ రంగు టాయిలెట్ డబ్బా దిగుతుంటే చిజురు పని ఆపి చూసింది. తలుపు మీద పూలు, లోపల అద్దం, తెల్లగా మెరిసే కమోడు. పైన "ఆడవాళ్లకు ప్రత్యేకం" అని ముద్దు ముద్దు అక్షరాల్లో రాసుంది.

ఆ సైటులో పరంజా కట్టేవాళ్లలో ఆడమనిషి చిజురు ఒక్కతే. ఇన్నాళ్లూ ఆమెకు మూలనున్న నీలం డబ్బాయే దిక్కు. దాని గడియ ఎప్పుడో ఊడిపోయింది. ఒక చేత్తో తలుపు లాగిపట్టుకుని, ఊపిరి బిగబట్టి పని కానిచ్చుకోవాలి. ఆ కంపుకు భయపడి ఆమె పనిలో ఉన్నంతసేపూ నీళ్లు తాగడమే మానేసింది. పోయిన వేసవి ఎండలో పరంజా మీదే కళ్లు తిరిగి కూలబడింది కూడా. అప్పుడు రాని డబ్బా ఇవాళ ఎందుకొచ్చిందంటే, హైస్కూలు ఆడపిల్లలు సైటు చూడ్డానికి వస్తున్నారు. కుర్రాళ్లు ఈ పనికి రావడం మానేశాక, కంపెనీవాళ్లకు ఆడపిల్లలు గుర్తొచ్చారు. ఛీ!

కంపెనీ ఆఫీసు నుంచి ఇవదారె అనే అధికారి దిగాడు. మడత నలగని పని బట్టలు, వెనక వీడియో తీసే మనిషి.

"చిజురుగారూ, ఇది ఎప్పుడూ ఇక్కడే ఉంటుందన్నట్టు మాట్లాడండి. కాస్త నవ్వండి. మీరు చెబితే పిల్లలు నమ్ముతారు."

"రేపుంటుందా ఇది?"

"సాయంత్రం వేరే సైటుకి పోవాలి, అక్కడికీ పిల్లలొస్తున్నారు. దీనికి నీళ్ల గొట్టం పెట్టలేదు, ఎవర్నీ వాడనివ్వకండేం."

చిజురుకు ఒళ్లు మండిపోయింది. మేస్త్రీ సకాకి చెవి దగ్గరకొచ్చి గొణిగాడు. "నోర్మూసుకుని కానివ్వవే. నీకూ ఓ తోడు దొరుకుతుంది."

ఆ తోడు మాటే ఆమె నోరు కట్టేసింది. కారులో నక్కి బట్టలు మార్చుకోవడం, మగాళ్ల బూతు జోకుల మధ్య ఒంటరిగా అన్నం తినడం ఆమెకు రోత పుట్టిపోయాయి.

బస్సులో వచ్చిన పిల్లల్లో నాగి అనే అమ్మాయి వదలకుండా వెంటపడింది. "అక్కా, మురికి పని, వద్దంటోంది మా అమ్మ. మీరు బాగుంటుందంటే ఇవాళే ఈ పనికి పేరిచ్చేస్తా."

"పైకెక్కితే సముద్రం కనిపిస్తుంది. మనం కట్టిన పరంజా మీద ఇంతమంది నడుస్తుంటే ఎంత గర్వంగా ఉంటుందో!" అంది చిజురు. అంతవరకూ నిజమే.

వీడియో కోసం, రోజూ పొద్దున పెట్టే భద్రతా కేకలు మళ్లీ పెట్టించారు. ఒకరు వస్తువుకేసి వేలు చూపించి, కళ్లతో చూసి "బాగుంది!" అని అరిస్తే, మిగతావాళ్లంతా అదే మాట అందుకోవాలి. చేరిన కొత్తలో ఓ బిగింపు సరిగా చూడకుండానే చిజురు "బాగుంది" అనేసింది. సకాకి ఆమె హెల్మెట్ మీద ఒక్కటిచ్చాడు. "చూడకుండా అంటే మనిషిని చంపే మాట అది!" అని తిట్టాడు.

"హెల్మెట్, బాగుంది!"

"బాగుంది!"

"బెల్టు, బాగుంది!"

"బాగుంది!"

"టాయిలెట్ కూడా అనండి!" అని ఇవదారె సైగ చేశాడు. అతనికి అదేదో జిందాబాద్ లాంటిది మరి.

చిజురు వేలు గులాబీ డబ్బాకేసి లేచింది. పక్కనే నాగి కూడా నవ్వుతూ వేలు చాపింది. ఆ చిన్న వేలు చూడగానే చిజురు చేయి దానంతటదే నీలం డబ్బా వైపు తిరిగింది.

"టాయిలెట్, బాగోలేదు!"

"బాగోలేదు!" అలవాటు కొద్దీ సైటంతా గొంతెత్తింది. అందరికంటే పెద్దగా అరిచింది సకాకే. అరిచాక నాలిక్కరుచుకున్నాడు.

"ఆపు, ఆపు!" అని ఇవదారె కెమెరాకు చేయి అడ్డం పెట్టాడు. నాగి మటుకు నేరుగా వెళ్లి నీలం తలుపు లాగింది. ముక్కు మూసుకుని వెనక్కొచ్చింది.

"మీరు దీన్లోకే వెళ్తారా, అక్కా?"

"ఊ."

 ఆ పిల్ల పేరివ్వకుండానే బస్సెక్కింది.

సాయంత్రం గులాబీ డబ్బా లారీ ఎక్కుతుంటే సకాకి పక్కన నిలబడ్డాడు. "చేతులారా తోడు పోగొట్టుకున్నావు కదే."

"ఆ కంపులోకి తోడెందుకు, మేస్త్రీ?"

ఆమెకు నోరెండిపోతోంది. నీళ్ల సీసా మూత తిప్పింది. నీలం డబ్బాకేసి చూసి మళ్లీ బిగించేసింది.