చప్పుడు లేని సీను

చందుకు ఆ సినిమా అంటే పిచ్చి. తెలుగు మాటలు అతికించిన పాత ఇంగ్లీషు సినిమా, చిన్నప్పుడు షాద్‌నగర్ టాకీసులో చూశాడు. ఉప్పు గనిలోకి వేరే గ్రహపు ప్రాణి ఒకటి దూరి కూలీలను మింగేస్తుంటుంది. పెళ్లయ్యాక సంతోషికి ఎన్నిసార్లు చూపించాడో లెక్కలేదు. అయినా ఆ ప్రాణి ముఖం ఆమెకు ఇప్పటికీ తెలియదు. అది బయటికొచ్చే ముందే రిమోట్ నొక్కి సినిమా ఆపి, కళ్లు మూసుకుంటుంది. "ఏందే, మంచి సీను చెడగొడుతవు" అని చందు ఇంతెత్తున లేస్తాడు.

చందు విమానాశ్రయంలో ప్రయాణికుల బస్సు నడుపుతాడు. చూపు మసకబారి నెల రోజులుగా సెలవులో ఉన్నాడు. నిన్న దవాఖాన నుంచి వచ్చి, "తగ్గింది, రేపటి నుంచి డ్యూటీకి పోత" అన్నాడు. సంతోషికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఆనందంలోనే ఇవాళ అన్నాలు తిన్నాక సినిమా తానే పెట్టింది.

తెర మీద ముసలి కూలీ లాంతరు పైకెత్తాడు. అలవాటుకొద్దీ సంతోషి రిమోట్ నొక్కింది. బొమ్మ ఆగింది. ఇక తిట్లే అనుకుంది.

"చూస్తున్నవా? దీపం ఆరిపోయింది" అన్నాడు చందు, మురిసిపోతూ. "ఇగ చప్పుడే ఉండదు. వేరే డైరెక్టరైతే డప్పులు కొట్టి భయపెడ్తుండె. వీడు నల్ల తెర పెట్టి ఊకున్నడు. గా నలుపుల ఇంకో నలుపు మెల్లగ కదుల్తది. అబ్బ, ఏం తీసిండే!"

తెర మీద లాంతరు ధగధగా వెలుగుతూనే ఉంది. సంతోషి చందు కళ్లలోకి చూసింది.

"సినిమా ఆపిన" అంది.



"ఇగ మందులు లేవన్నరు. ఉన్నది కూడా పోతదట. నీకు చెప్పబుద్ధి కాలే" అన్నాడు చందు.

"మరి రేపు బస్సు?"

"నడప. నడిపితే ఎవల్నన్న సంపుత." మొహం తుడుచుకున్నాడు. "జర పెట్టు. అదెట్లొస్తదో నువ్వే చూసి చెప్పు."

సంతోషి రిమోట్ నొక్కి, ప్రాణి ఆ నలుపులోంచి వెలుతురులోకి వచ్చేదాకా మొదటిసారి కళ్లు తెరిచి చూసింది. ఇన్నేళ్లు తనను వణికించింది ఉత్త రబ్బరు తొడుగు. మెడ దగ్గర కుట్లు కూడా కనిపిస్తున్నాయి.

"ఎట్లుంది?" అని ఆత్రంగా అడిగాడు చందు.

"మస్తు భయమైతుంది" అంది సంతోషి, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని. ఆ మాటలో అబద్ధం లేదు.