పొడి బాబాయి తెచ్చిన శాంపిల్

పొద్దున ఆరున్నరయ్యేసరికి పొడి బాబాయి వాకిట్లో తడిబట్టలు చేరిపోయేవి. పక్కవాటాల ఆడవాళ్లు బకెట్లతో తెచ్చి, ఆయన కుర్చీ చుట్టూ కట్టిన తాళ్ల మీద వేసి వెళ్లేవారు. ఆయన టీ తాగుతూ పేపరు తిరగేసేలోపే చొక్కాలు ఫెళఫెళలాడేవి. ప్యాంట్లకి ఆటల పేజీ దాకా పట్టేది.

"దుప్పటి కూడా వేశాను బాబాయ్! కాస్త వ్యాపార వార్తలు కూడా చదివేద్దూ," అని పక్కింటావిడ బతిమాలేది.

ఊరి చివర ఫ్యాక్టరీలో, కిరోసిన్‌కి దూరపు చుట్టంలాంటి ఒక నూనెలో గంధకామ్లం కలిపి సబ్బు పొడి తయారుచేస్తారు. ఆ యాసిడ్‌కి నీళ్లంటే మహా యావ. గాలిలో తేమనైనా వదలదు. ముప్పై ఒక్క ఏళ్లుగా దాని ట్యాంకు పక్కనే పనిచేస్తున్న ఆయనకి ఆ గుణం అబ్బింది, అంతే. కొత్తగా వచ్చినవాళ్లు సబ్బు పొడి వల్లే ఆ పేరు వచ్చిందనుకునేవారు. ఓ అరగంట పక్కన కూర్చుని నాలుక పిడచకట్టుకుపోయాక అసలు సంగతి బోధపడేది. అందుకే ఎవరూ ఎక్కువసేపు కూర్చునేవారు కాదు. బట్టలు పెట్టి వెళ్లేవారు, బట్టలు తీసుకుని వెళ్లేవారు. పేపరు మడిచాక ఆయనా, ఎదురుగా ఖాళీ కుర్చీ, అంతే.

ఆ కుర్చీ భార్యది. ఆవిడ పోయి ఆరేళ్లు. ఆ రోజు వచ్చినవాళ్లంతా గుమ్మం అవతలే నిలబడి ఏడ్చారు, ఆయన కంట మాత్రం చుక్క రాలలేదు. ఒక్కగానొక్క కూతురు అది చూసింది. "నీ గుండె కూడా ఎండిపోయింది నాన్నా," అని, నెల తిరక్కుండా పెట్టె సర్దుకుని నాలుగు బస్‌స్టాపుల అవతల గది తీసుకుంది.

ఆమె ఉద్యోగం కూడా ఆ ఫ్యాక్టరీ ల్యాబులోనే. రోజూ పదింటికి ట్యాంకులోంచి యాసిడ్ శాంపిల్ తీసి ల్యాబుకి పంపాలి. ఎవరిచేతైనా పంపొచ్చు. ఫిట్టర్ ఎన్నోసార్లు, "నేను పట్టుకెళ్తాలే," అన్నాడు. బాబాయి ఇచ్చేవాడు కాదు. సీసాని రెండు చేతులతో పట్టుకుని, ఆవరణంతా చుట్టి, నింపాదిగా నడిచేవాడు.

"శాంపిల్."

"అక్కడ పెట్టండి."

చిన్నప్పటినుంచీ నువ్వు అన్న నోటితోనే 'మీరు' అంటుంటే ఆయన మనసు చివుక్కుమనేది. అయినా నిలబడేవాడు. ఆమె పరీక్షించి, గాఢత తొంభై ఎనిమిది శాతం అని చీటీ రాసి ఇచ్చేది. ఆ చీటీలన్నీ ఆయన బీరువాలో చీరల పక్కన దాచుకున్నాడు. వాటిమీద ఉన్నది కూతురి చేతిరాత.

ఏడాదికోసారి జరిగే వైద్య పరీక్షకి ఆయన వెళ్లిన రోజు శాంపిల్ ఫిట్టర్ తెచ్చాడు. గాఢత తొంభై ఒకటి వచ్చింది. కూతురు మూడుసార్లు చూసింది, మూడుసార్లూ అంతే.

"సీసా తడిగా ఉండుంటుంది," అని ఇంజనీరు ఫిట్టర్ మీద విరుచుకుపడ్డాడు.

"శుభ్రంగా తుడిచాను సార్, ఒట్టు!"

మర్నాడు బాబాయి తెచ్చిన శాంపిల్ మళ్లీ తొంభై ఎనిమిది. ఇంజనీరు ఊపిరి పీల్చుకుని, ఫిట్టర్‌కి మెమో రాయడానికి కూర్చున్నాడు.

కూతురు కిటికీలోంచి చూసింది. తోటమాలి అప్పుడే తడిపిన దారిలో తండ్రి వెనక్కి నడుస్తున్నాడు. ఆయన అడుగు పడినచోటల్లా మట్టి ఆరి తెల్లబడుతోంది. ఏళ్ల తరబడి చూస్తున్నదే. ఆ పూట మాత్రం ఆమెకి ఆయన చేతుల్లోని సీసా గుర్తొచ్చింది.

పరుగున వెళ్లి, ఆయన్ని దూరంగా నిలబెట్టి, తనే ట్యాంకులోంచి శాంపిల్ తీసింది. తొంభై. అదే సీసా మూత బిగించి ఆయన చేతిలో పెట్టి, పావుగంట పట్టుకోమంది. తొంభై ఎనిమిది.

"యాసిడ్‌ని చల్లబరిచే కూలర్‌లో నీళ్ల ట్యూబు కారుతున్నట్టుంది సార్. యాసిడ్‌లో నీళ్లు కలుస్తున్నాయి," అంది ఇంజనీరుతో. "ఎన్నాళ్లయిందో ఏమో. శాంపిల్ నాన్న తెస్తున్నాడు కాబట్టి మనకి తెలియలేదు."

చిక్కటి యాసిడ్ ఇనుముని పెద్దగా ఏమీ చెయ్యదు. నీళ్లు కలిస్తే మాత్రం తినేస్తుంది. ట్యాంకు ఖాళీ చేయించి చూస్తే అడుగు రేకు కాగితంలా ఉంది. దాని కింద రోజూ పదకొండు మంది పనిచేస్తారు. ఇంజనీరు మెమో చింపేసి, బాబాయిని గోడౌనుకి మార్చేశాడు. అక్కడైతే సబ్బు పొడి ముద్దకట్టకుండా ఉంటుందని.

"అయితే రేపట్నుంచి శాంపిల్ నేను తేనక్కర్లేదా?" ఆయన అడిగింది అదొక్కటే.

"నీకో దణ్ణం బాబాయ్, తేకు!" అన్నాడు ఇంజనీరు.

ఆదివారం పొద్దున్నే కూతురు వచ్చింది. తడిబట్టల మధ్యనుంచి దారి చేసుకుని తల్లి కుర్చీలో కూర్చుంది.

"మూతపెట్టిన సీసాలో నీళ్లే లాగేశావు. మరి అమ్మ పోయినప్పుడు..."

"వచ్చేవమ్మా. రెప్ప దాకా వచ్చేవి. అక్కడే ఆరిపోయేవి."

"చెప్పొచ్చుగా?"

"ఏం చూపించి చెప్పను?"

"నాకూ రాలేదు నాన్నా. ఈ ఇంట్లో నీ పక్కన ఉన్నన్నాళ్లూ అమ్మ కోసం ఒక్క చుక్క రాలేదు. నేనూ రాయినైపోయానని హడలిపోయి వెళ్లిపోయాను. గదికి చేరిన రోజు తెల్లారేదాకా ఏడ్చాను."

లేచి పెరట్లో పెద్ద తొట్టి నింపింది. "దా, ఇందులో కూర్చో. ఈ దాహమేదో తీరనీ."

"రెండు చెంబులు నెత్తిన పోస్తే పోదా?"

"యాసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదు. నీళ్లలోకే యాసిడ్ రావాలి, మెల్లగా. నాకు నేర్పిందెవరు?"

ఆయన చొక్కాతోనే దిగాడు, మెల్లగా. నీళ్లు వేడెక్కి పొగలు కక్కాయి, చూస్తుండగానే అడుగంటాయి. ఆయన్ని లేపి, తొట్టి మళ్లీ నింపి దిగమంది. బట్టలు ఆరేయడానికి వచ్చినవాళ్లు విషయం అడగలేదు. తలో బకెట్ నీళ్లు తెచ్చి ఖాళీ తొట్టిలో పోసి వెళ్లారు. ఐదో తొట్టిలో ఆయన కూర్చున్నాక నీళ్లు చల్లగానే ఉన్నాయి, మట్టం తగ్గలేదు.

"మీ అమ్మ ఉంటే ఈ అవతారం చూసి పడీపడీ నవ్వేది," అన్నాడాయన. ఈసారి రెప్ప దాకా వచ్చినవి ఆరిపోలేదు, చెంపల మీదికి జారాయి. కూతురు తొట్టి అంచుమీద తల ఆనించింది.

మధ్యాహ్నం పక్కింటావిడ దుప్పటి కోసం వచ్చి, తడిమి చూసి, "ఇదేంటి, ఇంకా తడిగానే ఉంది!" అంది. పెరట్లోకి తొంగిచూసింది. దుప్పటి తాడు మీదే వదిలేసి, చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.