రసమట్టం కింద పెంకుముక్క

నేను ఒక రసమట్టాన్ని. రెండడుగుల టేకు చెక్క, రెండు కొసలా ఇత్తడి తొడుగులు, నడుమ చిటికెనవేలంత గాజు గొట్టం. గొట్టంలో పసుపుపచ్చ ద్రవం, అందులో ఒక గాలి బుడగ. నాలో కదిలేది ఆ బుడగ ఒక్కటే. ఒక మధ్యాహ్నం అది గోధుమగింజంత దూరం జరిగింది. జరిగింది కాబట్టే ఏడుగురు ఆడవాళ్ళు ఆ సాయంత్రం ఇళ్ళకు వెళ్ళి వంట చేసుకున్నారు.

నన్ను చేసిన ముసలాయన ఇరుకు కార్ఖానాలో కిటికీ పక్కన కూర్చునేవాడు. ఒక్కో గాజు గొట్టాన్నీ వెలుగుకెదురుగా పట్టి చూసి, తిన్నగా ఉన్నవాటిని పక్కన పారేసేవాడు. సరుకు కొనడానికి వచ్చిన కొట్టాయన నోరెళ్ళబెట్టాడు.

"అదేంటి పెద్దాయనా, మంచివన్నీ పారేస్తున్నావు?"

"తిన్నటి గొట్టంలో బుడగ నిలవదయ్యా. ఏదో ఒక మూలకి పోయి కూర్చుంటది. నడుమ వెంట్రుకవాసి వంపుండాలి. ఆ వంపు పట్టుకునే అది నిలబడేది."

ప్రపంచంలోని వంకరలన్నీ పట్టుకోవలసిన నా కడుపులోనే ఒక వంకర ఉందన్నమాట. ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు.

కాకినాడలో నన్ను కొన్నది నూకరాజు మేస్త్రీ. నల్లటి మనిషి, సున్నం తిన్న వేళ్ళు. ముప్పై ఏళ్ళు నేను ఆయన సంచీలో తాపీ పక్కన పడుకున్నాను. ప్రతి దసరాకీ నాకు పసుపు రాసి బొట్టు పెట్టి, కళ్ళకద్దుకునేవాడు. ఆయన గోడ కట్టేటప్పుడు నన్ను మామూలుగా వాడేవాడు. కానీ డాబా మీద గచ్చు చేసేటప్పుడు మాత్రం ఒక పని చేసేవాడు. అరగదీసిన పెంకుముక్క ఒకటి నా ఒక కొస కింద దారంతో కట్టేవాడు. ఆ కొసని వాన గొట్టం వైపు ఉంచేవాడు. అప్పుడు బుడగ నట్టనడుమ నిలిస్తే, నేల సరిగ్గా ఆ ముక్క మందమంత గొట్టం వైపు వాలినట్టు. దాన్నే వాళ్ళు వాటం అంటారు. నీళ్ళు నడిచిపోవడానికి మనిషి నేలకు నేర్పే వినయం అది.

కళ్ళకు పొర కమ్మి, చేయించిన ఆపరేషన్ కూడా కలిసిరాక నూకరాజు పని మానేశాడు. పద్దెనిమిదేళ్ళ క్రితం తానే కట్టిన ఒక ఇంటికి నన్ను తీసుకువెళ్ళాడు. ఆ ఇల్లు దొరబాబుది.

దొరబాబు బస్సు కండక్టరుగా ముప్పై మూడేళ్ళు చేసి ఆ నెలే రిటైరయ్యాడు. ముప్పై మూడేళ్ళు కదిలే నేల మీద నిలబడ్డ మనిషి. ఇప్పుడు ఆయనకు ఒకటే కోరిక. కదలని, ఒరగని, చదునైన ఒక ప్రపంచం. ఫోనులో వీడియోలు చూసి కారే కుళాయిలు బిగించాడు, కిర్రుమనే తలుపులకు బందులు మార్చాడు, కిటికీలకు దోమల జాలీ కొట్టాడు. మేస్త్రీని గాని, వడ్రంగిని గాని గడప తొక్కనివ్వలేదు.

"మీలాంటోరి దగ్గరుండాలండి ఇది," అన్నాడు నూకరాజు నన్ను ఆయన చేతిలో పెడుతూ. "ఎప్పుడైనా దీని మీద అనుమానమొస్తే తూర్పు కొసని పడమరకి తిప్పి అక్కడే పెట్టండి. తిప్పినా బుడగ అదే పక్కకి పోతే తప్పు నేలది. బుడగ కూడా పక్క మారిస్తే తప్పు దీనిది."

పెంకుముక్క సంగతి ఆయన చెప్పలేదు. అన్నం వండుకుని తినాలని ఎవరైనా చెబుతారా?

నూకరాజు వీధి మలుపు తిరిగాక దొరబాబు నన్ను గుడ్డతో తుడిచాడు. కొస కింద కట్టిన ముక్క కనబడింది. "ఇన్నాళ్ళూ ఈ చెత్త పెట్టుకునే కొలిచాడా పాపం! చూపు ఆనక గదా," అని జాలిపడి, దారం కోసి ముక్కను వరండాలోకి విసిరాడు. ఆయన భార్య మంగతాయారు దాన్ని తీసి చూసింది. నున్నగా, అరచేతిలో ఇమిడేలా ఉంది. జాకెట్లు కత్తిరించేటప్పుడు కాగితం ఎగిరిపోకుండా బరువు పెట్టుకోవడానికి పనికొస్తుందని మిషను సొరుగులో వేసుకుంది.

ఇక నా వైభవం మొదలైంది. దొరబాబు ఇంట్లో నేను ఎక్కని వస్తువు లేదు. మంచం, బీరువా, దేవుడి పీట, క్యాలెండరు. గోడకున్న పెళ్ళిఫోటో ఆవగింజంత ఒరిగి ఉందని మేకు పీకి మళ్ళీ కొట్టాడు.

"నన్ను కూడా గోడకి నిలబెట్టి మట్టం చూడండి, ఓ పనైపోద్ది," అంది మంగతాయారు.

"నువ్వు నిలబడితే గదా!" అన్నాడాయన, స్టూలు దిగకుండానే.

మనుషులు భలేవాళ్ళు. బుడగ నట్టనడుమకు రాగానే ఆయన ముఖం వెలిగేది. ఆ వెలుగు చూసి నాకూ గర్వం తలకెక్కింది. అది చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది.

ఆ ఇంటికి ముందు పోర్టికో ఉంది. స్తంభాలు లేవు. ఇంటి గోడలోంచి చాచిన చెయ్యిలా పదడుగులు ముందుకు వచ్చిన స్లాబు. కింద మంగతాయారు ఆరుగురు ఆడవాళ్ళతో కుట్టుమిషన్లు నడిపేది. పైన మోకాలెత్తు పిట్టగోడ, గోడ వైపు మూలలో వాన గొట్టం. ఆ వానలకు పోర్టికో అడుగు చెమర్చింది. మరుసటి వేసవిలో దొరబాబు పైన గచ్చంతా చెక్కేసి, సిమెంటు తనే కలిపి కొత్తగా పరిచాడు. అడుగడుగునా నన్ను పెట్టి చూశాడు. నిలువుగా, అడ్డంగా, ఐమూలగా. ఎక్కడ పెట్టినా బుడగ నట్టనడుమే. అద్దంలాంటి నేల. నా జీవితంలో అంత చదునైన నేలను చూడలేదు. వాటం? అది నా కొస నుంచి కోసేసిన దారంతో పాటు పోయింది.

ఆ నేల మీద ఆయన తోట వేశాడు. గోడ నుంచి అంచుదాకా ఇటుకలతో పొడవాటి గట్టు కట్టాడు. అదీ నా మట్టమే. పాత రంగుడబ్బాలు నలభై. వంగ, మిరప, టమాటా, బచ్చలి. అంచున ఎండ బాగా తగులుతుందని సగం కోసిన పీపాలు ఆరు పెట్టి నిమ్మ, దానిమ్మ నాటాడు. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు. పెరట్లో కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టం పిట్టగోడ మీదుగా ఎక్కి ఎప్పుడూ మొక్కల మధ్యే పడి ఉండేది. తొలి వంకాయ కోసిన రోజున ఆయన దాన్ని కూడా నా మీద పెట్టి ఫోటో తీశాడు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఆకాశం చిల్లుపడినట్టు వాన. చదునైన నేల మీద నీళ్ళు ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాయి. మూలకు చేరిన కాసిన్ని నీళ్ళకూ, కొట్టుకొచ్చిన పొట్టు వాన గొట్టం నోట్లో అడ్డుపడింది. కొబ్బరిపొట్టు ఆబగా తాగింది. ఒక్కో పీపా ఒక్కో ఏనుగుపిల్లంత బరువెక్కింది.

మూడో రోజు మధ్యాహ్నం మూడింటికి దొరబాబు గొడుగేసుకుని మేడ గదిలోంచి పోర్టికో మీదకు వచ్చాడు. ఆగిపోయాడు. గోడ వైపు నీళ్ళు మడమలోతున ఉన్నాయి. అంచు వైపు చీలమండ దాటి ఉన్నాయి.

చదునైన నేల మీద నీళ్ళకు రెండు లోతులు ఎక్కడివి?

లోపలికి పరుగెత్తి నన్ను తెచ్చాడు. ఇటుక గట్టు మీద పెట్టాడు. ఆ గట్టు మీద నట్టనడుమ తప్ప మరో చోటు ఎరగని నా బుడగ, గోధుమగింజంత ఇంటి వైపు జరిగింది. బుడగ ఎప్పుడూ ఎత్తుకే పారిపోతుంది. అంటే అంచు దిగుతోంది.

"పాడైపోయింది ఇది," అన్నాడాయన. నన్నే. ప్రాణమున్న మనిషి ప్రాణం లేని వస్తువును ఇంతలా బతిమాలడం నేనెన్నడూ చూడలేదు. పాడైపోయి ఉంటే బాగుండునని ఆయన కళ్ళు వేడుకుంటున్నాయి. నన్ను తిప్పాడు. తూర్పు కొస పడమరకు.

బుడగ ఒక్కసారి ఊగింది. మళ్ళీ ఇంటి వైపుకే వెళ్ళి ఆగింది.

తప్పు నాది కాదు. కింద కుట్టుమిషన్లు టకటకా ఆడుతూనే ఉన్నాయి.

నన్ను గట్టు మీదే వదిలేసి ఆయన మెట్లు దూకాడు. "లేవండి! బయటికి! మిషన్లొదిలెయ్యండి, ముందు మీరు రండి!"

"అయ్యో, పెళ్ళివారి జాకెట్లండీ, తడిసిపోతాయి!" అని ఎవరో అరిచారు.

"తడిస్తే ఆరతాయి! రమ్మంటుంటే!" అది మంగతాయారు గొంతు. మొగుడి ముఖం చూడగానే ఆమెకు విషయం అర్థమైపోయింది. ఏడుగురూ వానలోకి వచ్చి ప్రహరీ గోడవారన నిలబడ్డారు. అప్పుడు వినిపించింది. స్లాబు ఇంటి గోడను కలిసేచోట, ఎండిన కొమ్మ విరిగినట్టు ఒక చిన్న చప్పుడు.

దొరబాబు నూకరాజుకు ఫోను చేశాడు. స్పీకరులో నూకరాజు గొంతు పైదాకా వినిపించింది. "పైకి మాత్రం ఎక్కకండి బాబుగారూ! ఒక్క కుండీ కూడా ముట్టుకోవద్దు. ఎదర ఇల్లు కడతన్నారు గదా, సరుగుడు బాదులు పట్రండి. ముందు అంచు కింద, తర్వాత లోపల. నీళ్ళు దింపే దారేదైనా చూడండి. వాన తెరిపియ్యగానే నేనొత్తాను."

ఎదురింటి పనివాళ్ళు బాదులు, పొడవాటి సరుగుడు కర్రలు, మోసుకొచ్చారు. దొరబాబు అంచు కిందకు మొదటి బాదు నిలబెడుతుంటే మంగతాయారు పెరట్లో కుళాయి తిప్పింది. రబ్బరు గొట్టంలోంచి నీళ్ళు నా పక్కనే బుడబుడమంటూ పోర్టికో మీద పడ్డాయి.

"ఇంకా నీళ్ళు పోస్తావేంటే! మతి పోయిందా!"

"మీరు కర్ర పట్టుకోండి! పీపాలో నీళ్ళు గొట్టంతో దింపే పని మీరెప్పుడైనా చేశారా?"

గొట్టం నిండా నీళ్ళు నిండాయి. ఆమె కుళాయి నుంచి గొట్టం ఊడలాగి, కొసను నేల మీదకు వదిలింది.

ఇక నేను చూసినది చెబుతాను. గొట్టం పై కొస నీళ్ళలో మునిగే ఉంది. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ తోయలేదు. పోర్టికో మీది నీళ్ళు తమంతట తామే మోకాలెత్తు పిట్టగోడ ఎక్కాయి. ఎక్కి, అవతల దూకి, పెరట్లోకి పారడం మొదలెట్టాయి. పల్లానికి పోవడానికి నీళ్ళు ముందు కొండెక్కాయి! కడుపులో గాలి బుడగ తప్ప మరేమీ లేని నేను, ఆ క్షణంలో దణ్ణం పెట్టడానికి చేతులు లేవని బాధపడ్డాను.

గంట గడిచింది. నీళ్ళు తగ్గుతున్నాయి. అంచు కింద నాలుగు బాదులు, లోపల మరో నాలుగు బిగిశాయి. నా బుడగ మాత్రం కదలలేదు. గాజు మీది గీత దగ్గర ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. ఆ తరువాత, వెంట్రుకవాసి, నడుమకు వచ్చింది. గడియారంలో పెద్ద ముల్లు జరిగినట్టు. ఆ ముచ్చట చూసినది నేనొక్కదాన్నే.

మర్నాడు వాన తెరిపిచ్చింది. కోడలి భుజం పట్టుకుని నూకరాజు పైకొచ్చాడు. అప్పటికి కుండీలన్నీ మేడ గదిలోంచి కిందకు చేరవేశారు. ఆయన గుమ్మంలో గొంతుక్కూర్చుని, గచ్చు మీద అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా జరిపాడు.

"ఆహా. ఏం మట్టం చేశారండీ బాబుగారూ! ముప్పై ఏళ్ళలో నా చేతికి ఇంత చదును రాలేదండి."

దొరబాబు తలెత్తలేదు. "అదే తప్పయిపోయింది కదా మేస్త్రీ."

"తప్పు నాదీ ఉందండి. చెప్పలేదు. మనిషి పడుకునే నేలకి మట్టం కావాలి, నీళ్ళు పడే నేలకి వాటం కావాలి. నీళ్ళకి దారి చూపకపోతే అవే దారి చూసుకుంటాయి. ఇంతకీ దీని కొసకి కట్టిన పెంకుముక్క ఏదండీ?"

ముప్పై మూడేళ్ళు చిల్లర లేదని ప్రయాణికులను దబాయించిన మనిషి, గుడ్డి మేస్త్రీ ముందు తడబడ్డాడు. "నేను... చెత్తనుకుని పారేశాను."

మంగతాయారు కిందికి దిగి వెళ్ళింది. సొరుగు లాగిన చప్పుడు. తిరిగి వచ్చి నూకరాజు చేతిలో ముక్క పెట్టింది. ఆయన బొటనవేలితో ఒక్కసారి రాసి నవ్వాడు. "ఇదేనండి! ఎన్ని డాబాల మీద వాన దీని మాట విందో!"

"ఏడాదిన్నరగా జాకెట్లు కూడా దీని మాటే విన్నాయి మేస్త్రీగారూ," అంది మంగతాయారు.

నూకరాజు చెబుతుంటే పనివాళ్ళు అంచు కింద రెండు స్తంభాలు లేపారు. స్లాబు గోడను కలిసేచోట పడ్డ బీటకు ఏం చెయ్యాలో అది చేశారు. తోట పెరట్లోకి దిగింది. స్తంభాలు ఆరాక, పాత గచ్చు చెక్కి కొత్త గచ్చు వేసే పని మాత్రం దొరబాబు ఎవరికీ ఇవ్వలేదు. మంగతాయారు మిషను దారంతో ఆ ముక్కను నా కొసకు తనే కట్టింది, నాలుగు చుట్లు, గట్టి ముడి. ఆయన అడుగడుగునా నన్ను పెట్టాడు. బుడగ నట్టనడుమే నిలిచింది. కానీ ఈసారి నేల వాలి ఉంది. ఒక కాలు ఎత్తుగా ఉన్న నేను, వాలిన నేల మీద మట్టంగా నిలబడ్డాను. కార్ఖానా ముసలాయన వెలుగులో పట్టి చూసిన వంపు నాకు అప్పుడు గుర్తొచ్చింది.

గచ్చు ఆరాక దొరబాబు చెంబుడు నీళ్ళు తెచ్చి అంచు దగ్గర వంచాడు. నీళ్ళు ఒక్క క్షణం గుమిగూడాయి. తరువాత నాలుకలా సాగి, గోడ వైపు మూల వెదుక్కుంటూ వెళ్ళి గొట్టంలోకి జారిపోయాయి. ఆయన మరో చెంబు పోశాడు. మరొకటి. చంటిబిడ్డ తొలి అడుగులు చూస్తున్న తండ్రిలా అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

ఇప్పుడు నేను పోర్టికో కింద కొత్త స్తంభానికి కొట్టిన మేకుకు వేలాడుతున్నాను, కొస కింద పెంకుముక్కతో సహా. పెళ్ళిఫోటో మళ్ళీ కాస్త ఒరిగింది. ఎవరూ నన్ను పిలవలేదు. వాన మొదలైతే దొరబాబు చేస్తున్న పని ఆపి, చెవి ఒగ్గి నిలబడతాడు. పైన ముందు చినుకుల సవ్వడి. కాసేపటికి మూలనున్న గొట్టం గడగడమని గొంతు విప్పుతుంది. ఆ చప్పుడుకు కింద ఏడు కుట్టుమిషన్లు ఒక్కసారి ఆగుతాయి. విని, మళ్ళీ మొదలవుతాయి.