లంగాతో కలిపి కుట్టిన బొంత

నేను ఒక బొంతను. కొత్త గుడ్డ నాలో పీలికంత కూడా లేదు. నా పై పొర, అడుగు పొర ఒక తల్లి కట్టి విడిచిన నేత చీరలు. మధ్యలో ఉన్నవి ఆమె పెనిమిటి చిరిగిన లుంగీలు. ఆయన బొగ్గుబావిలో పనిచేసేవాడు. ఎన్నిసార్లు ఉతికినా మసి పోలేదని వాటిని లోపల దాచారు. మనుషులు తమను తాము కూడా అలాగే కుట్టుకుంటారని నాకు తర్వాత తెలిసింది.

ఆ తల్లి చనిపోయాక ఆమె కూతుళ్లు కొమురవ్వ, ఓదెమ్మ నన్ను కుట్టారు. కొమురవ్వకు అప్పటికే పెళ్లి కుదిరింది. ఓదెమ్మ ఇంకా లంగా కట్టుకునే పిల్ల. ఇద్దరికీ అదే మొదటి బొంత. కుట్టడం నేర్పవలసిన మనిషి చీరలే వాళ్ల ముందు పరుచుకుని ఉన్నాయి.

బొగ్గుబావి వాళ్లిచ్చిన క్వార్టర్ ముందు పొరలు పరిచి, గాలికి లేవకుండా మూలలకు రాళ్లు పెట్టారు. అంచుల దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమికి చేరేలా కుట్టారు. పెద్ద బొంత ఒడిలో పట్టదు కదా, దాని మీదే కూర్చుని కుట్టాలి. సూది నాలోకి దిగి పైకి తేలినప్పుడల్లా ఒక వింత జరిగేది. అంతదాకా దేనికది పడి ఉన్న గుడ్డలు ఒకదాన్నొకటి పట్టుకునేవి. ఆలి చీర, మొగుడి లుంగీ మళ్లీ ఒక్కచోట చేరాయి. చావు విడదీసినదాన్ని ఆ చిన్న ఇనుప ముల్లు కలిపింది. అంత బలం దానికి ఎక్కడిదా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉంటాను.

నడిమి వరస పూర్తి చేసి ఓదెమ్మ లేవబోయింది. ఆమెతో పాటు నేనూ లేచాను.

“అక్కా! బొంత నన్ను ఇడుస్తలేదే!”

కొమురవ్వ పడీ పడీ నవ్వింది. “ఓసి నీ తెలివి తెల్లారిపోను! లంగను గూడ కలిపి కుట్టినవ్ గదనే!”

“కుట్లు ఇప్పు మరి.”

“ఇప్పితే వరసంత పోతది. లంగనే కోస్త, ఆగు.”

“అయ్యో, నా పూల లంగ!”

“కదలకే, కాలు గూడ తెగుతది!”

కత్తెర ఆడింది. జానెడు పసుపు పూల గుడ్డ నా నడుమ మిగిలిపోయింది.

ఓదెమ్మ ఆ రోజు లంగా కోసం ఏడ్చింది, అక్క పెళ్లినాడు అంతకంటే ఎక్కువ ఏడ్చింది. అత్తగారి ఊరు అడవి దాపున ఉందని, చలి ఎక్కువని తండ్రి నన్ను కొమురవ్వ మూటలో కట్టాడు. “అమ్మ చీరలన్ని నువ్వే తీస్కపోతున్నవ్! నా లంగ ముక్క గూడ!” అని ఓదెమ్మ బండి వెనకాల పరిగెత్తింది. కొమురవ్వ తిరిగి చూడలేదు. చెల్లెలి మనసులో అది ముల్లులా ఉండిపోయింది. మూట మీద అక్క వేళ్లు ఎంత గట్టిగా బిగుసుకున్నాయో నాకొక్కదానికే తెలుసు. నాకేమో నోరు లేదు.

కొమురవ్వ ఇంట్లో పిల్లలు నా మీద పుట్టారు, నా మీదే దొర్లి పెరిగారు. చుట్టాలొస్తే నన్ను అటక మీద దాచి దుకాణం దుప్పటి పరిచేవారు. వాళ్లు వెళ్లగానే మళ్లీ నన్నే వెతుక్కునేవారు. ఓదెమ్మ ఎప్పుడో పండక్కి వచ్చి, “నా లంగ నాకియ్యి,” అనేది. “ఇయ్య పో,” అనేది కొమురవ్వ. నవ్వుతూనే అనుకునేవారు. కానీ ఓదెమ్మ కళ్లు నవ్వేవి కావు.

చివరికి కొమురవ్వ ముసలిదై నా మీదే కన్నుమూసింది. ఓదెమ్మ బస్సు దిగేసరికి మనుషులు వాగు దగ్గరి నుంచి తిరిగొస్తున్నారు. చివరిచూపు దక్కలేదు. కొమురవ్వ ఆడబిడ్డ బుచ్చవ్వ నన్ను గడప అవతల పడేసింది.

“సచ్చిన మనిషి పండుకున్న బొంత ఇంట్ల ఉండొద్దు. వాగు ఒడ్డున ఏసి రావాలె.”

“వదినా, అవి మా అమ్మ చీరలు. అక్కది నాకు ఇదొక్కటే మిగిలింది.”

“ఎవలియైతేంది? పద్ధతి పద్ధతే. గీ పూల గుడ్డ ఎవలది?”

“నాదే. చిన్నప్పుడు లంగతోని కలిపి కుట్టిన.”

బుచ్చవ్వ గభాలున వెనక్కి జరిగింది. “అమ్మో! బతికున్నదాని గుడ్డ సచ్చినదాని ఎంట పోవద్దు. నీ పాణం మీదికొస్తది. ముందుగాల గది కోసెయ్యి!”

ఓదెమ్మ కత్తెర తీసుకుని నా పక్కన కూలబడింది. కోయడానికి ముక్క అంచు లేపబోయింది. లేవలేదు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. అంచు లోపలికి మడిచి, సందు లేకుండా సన్నని కుట్లు వేసి ఉన్నాయి. అవి తన చిన్ననాటి వంకర కుట్లు కావు. దారం ఎర్రనిది, తల్లి చీర కొంగు నుంచి లాగిన పోగు.

అత్తగారింట్లో మొదటిసారి ఒంటరిగా ఉన్న మధ్యాహ్నం కొమురవ్వ చేసిన పని అది. పోగు తెగకుండా ఊపిరి బిగబట్టి, కుట్టుకొకసారి చెల్లెలి పేరు అనుకుంటూ కుట్టింది. ఇన్నేళ్లూ నేను చెప్పలేకపోయిన మాటను ఆ కుట్లు చెప్పాయి.

ఓదెమ్మ కత్తెర కింద పెట్టింది. “వదినా, ఇది ఊడది. అక్క కుట్టింది.”

బుచ్చవ్వ వంగి గోటితో గీకి చూసింది. కోయమనడానికి ఆమెకూ నోరు రాలేదు. కోయకపోతే నన్ను వాగుకు పంపే వీలు లేదు. రెండు పద్ధతులూ ఆమె చెప్పినవే. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“అయితే తీస్కపో. ఊకెనే కాదు, వాగుల ఉతికి పిండి, ఎండల ఆరేసి తీస్కపో. నేనన్ననని ఎవలకు చెప్పకు.”

ఇప్పుడు నేను ఓదెమ్మ మంచం మీద ఉన్నాను. నా చీరలు పలచబడి వెలుగు కనబడుతోంది, మసి లుంగీలు బయటికి తొంగిచూస్తున్నాయి. ఇక దాచేదేమీ లేదు. పొద్దున ఆమె లేవబోతే నా దారమొకటి ఆమె కాలి మెట్టెకు చుట్టుకుంటుంది.

“ఇడువే అక్కా, చాయ్ పెట్టుకోవాలె,” అంటుంది.

లాగదు. నేను వదిలేదాకా అలాగే కూర్చుంటుంది.