కాదనడానికి కారణం

మొక్కజొన్న సంకటి, మమలిగ, కలిపేటప్పుడు చెయ్యి ఆపకూడదు. ఆపితే పిండి ఉండలు కట్టి అడుగంటుతుంది. అందుకే ఇలీంకా చేత్తో తెడ్డు తిప్పుతూ, చెవులు మాత్రం ముందుగదిలో పెట్టి నిలబడింది. అక్కడ ఆమె మొగుడు ద్రాగోష్‌కీ, అతని జట్టులో కొత్తగా చేరిన స్మరాండాకీ పొద్దుటినుంచీ ఒకటే వాదన. కంప్యూటర్లో మిగతా ప్రోగ్రాములన్నిటినీ మోసే కెర్నెల్‌ని ఇకమీదట కూడా పాత సీ భాషలోనే రాయాలా, కొత్తగా వచ్చిన రస్ట్ భాషని కూడా రానివ్వాలా? బుధవారం జట్టు తేల్చుకోవాలి.

"సీలో మన ఇష్టం మనది. రస్ట్ అత్తగారి లాంటిది, అడుగడుగునా అడ్డుపడుతుంది" అన్నాడు ద్రాగోష్.

"పడనివ్వండి సార్. తిరిగిచ్చేసిన మెమరీని మళ్ళీ ముట్టుకున్నా సీ నోరెత్తదు. మిషను కుప్పకూలాక తెలుస్తుంది. ఈ అత్తగారు ముందే చెయ్యి పట్టుకుంటుంది."

ద్రాగోష్ నవ్వాడు. "గట్టిదానివే! ఏదీ, ఇంకొంచెం చెప్పు."

ఆ 'ఇంకొంచెం చెప్పు' ఉడుకుతున్న పిండి చిట్లి చేతిమీద పడ్డట్టు తగిలింది ఇలీంకాకి. సరిగ్గా ఆ పిల్ల చెప్పిందే తనూ ఎప్పుడో చెప్పింది, చంకలో పిల్లాడితో, ఆ ముందుగదిలోనే. "ముందు వాడి డైపరు మార్చు, కెర్నెల్‌ని తర్వాత మారుద్దువుగాని" అన్నాడు ద్రాగోష్. అందరూ నవ్వారు. "ఇద్దరి బుర్రలూ కంప్యూటరుకే పెడితే పొయ్యి సంగతెవరు చూస్తారమ్మాయ్?" అని అత్తగారు ముద్దుగానే అంది. పిల్లాడు కాస్త ఎదిగేదాకా అనుకున్న సెలవు అలా సాగుతూనే ఉంది. ద్రాగోష్ పక్క కుర్చీ ఒకప్పుడు తనదే, ఇప్పుడు స్మరాండాది. అయినా అతనికి ఏదైనా చిక్కు పడితే "ఇది ఎందుకు పడిపోతోందో కాస్త చూడు" అని కేకేస్తాడు. గరిటె పట్టుకునే వెళ్ళి, చూసి, తప్పు ఇదీ అని చెప్తుంది. "ఆఁ, నేనూ అదే అనుకున్నా" అంటాడు. ఈ పిల్లమీద మొగుడి విషయంలో అనుమానమేమీ లేదు. అదైతే బాగుండేది, ఏడుపుకో పేరుండేది. ఆ పిల్ల వాక్యాన్ని ఎవరూ మధ్యలో తుంచరు. తాగిన కప్పు అక్కడే వదిలేసి మాట్లాడుకుంటూ పోతుంది. ఇలీంకా ఆ కప్పు తీస్తూ, ఆ వాక్యాన్ని చూసి కుళ్ళుకుంటుంది.

పళ్ళెం తెచ్చి బల్లమీద పెట్టింది. "మా ఆవిణ్ణి అడుగుదాం, ఇదివరకు తనూ రాసేది" అన్నాడు ద్రాగోష్. "ఏమంటావ్ ఇలీంకా?"

స్మరాండా ఆశగా ఆమె మొహంలోకి చూసింది. ఆ ఆశని చూసేసరికి ఇలీంకాకి ఒళ్ళు మండింది.

"సీ చాలు. రస్ట్ వద్దు" అంది. అది తను నమ్మే మాట కాదు.

ద్రాగోష్ బల్ల చరిచాడు. "చూశావా! మా ఇంట్లో రెండు ఓట్లూ సీకే!" ఎన్నాళ్ళకో అతని చెయ్యి ఆమె భుజం తట్టింది.

స్మరాండా ఫోర్కు కింద పెట్టింది. "ఎందుకు వద్దు, ఇలీంకాగారూ?"

"తిను తిను, చల్లారిపోతుంది. ఆవిడేదో మాటవరసకంది."

"మాటవరసకెలా అవుతుంది సార్? కారణం చెప్పకుండా వద్దంటే లెక్కలోకి రాదని జట్టులో నియమం పెట్టింది మీరే కదా. నన్నయితే నిలబెట్టి అడుగుతారు."

ఇలీంకా నిలబడిపోయింది. మొగుడికి ఆమె 'ఊఁ' చాలు. కారణం అడుగుతున్నది ఈ పిల్ల.

"కారణం లేదు. నీ మీద కుళ్ళుతో అన్నాను" అంది.

ద్రాగోష్‌కి పొలమారింది. ఇలీంకా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నన్నడిగితే, పరికరాల్ని నడిపే కొత్త డ్రైవర్ ప్రోగ్రాములు రస్ట్‌లోనే రాయాలి. పాతవాటి జోలికి మాత్రం పోవద్దు. ప్రమాదమంతా రెండు భాషలూ కలిసే చోటే. అక్కడ సీ ఏం చెప్తే రస్ట్ అది నమ్మాల్సిందే. బుధవారం నేనే వచ్చి చెప్తాను."

"ఇలీంకా, మీగడ తెస్తావా?" అన్నాడు ద్రాగోష్.

"ఫ్రిజ్‌లో ఉంది" అంది, తల తిప్పకుండా.

స్మరాండా కళ్ళు చిట్లించి ఆలోచిస్తోంది. తర్వాత అడ్డంగా తలూపింది. "కాదండీ, అక్కడే మీరు పొరబడుతున్నారు. ఎక్కువ తప్పులు పాతవాటిలోనే ఉన్నాయి. వాటిని వదిలేస్తే ఎలా?"

ఇలీంకాకి నవ్వొచ్చింది, కళ్ళు చెమర్చాయి కూడా. ద్రాగోష్ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె మాట కాదనలేదు. కాదనాలంటే ముందు వినాలి.